జలదారికి వాటం



పోయిన నెల కూటానికి నేను రాలేదని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసినారు. ఇంట్లో స్నానాల గది పని జరుగుతోందని చెప్తే, "ఒక స్నానాల గదికి ఇరవై మూడు రోజులా? ఆ లెక్కన ఇల్లే కట్టేయొచ్చు కదప్పా" అని నవ్వినారు. నవ్వనీ. ఆ ఇరవై మూడు రోజుల్లో మేస్త్రీ చేయి ఆడింది పన్నెండు రోజులే. తక్కిన పదకొండు రోజులూ కాచుకోవడమే. ఆ కాచుకున్న రోజుల గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. మనలో చాలామంది ఇళ్ళల్లో ముసలి తల్లిదండ్రులు ఉండారు. మనమూ ఆ వరసలో నిలబడినవాళ్ళమే కదా.

మా అమ్మకు ఎనభై ఏడు. పోయిన ఐప్పసి నెల వానల్లో, శుక్రవారం తలంటి పోసుకొని బయటికి వస్తా జారి పడింది. కుడి చేతి మణికట్టు విరిగింది. తుంటి విరగలేదు, ఆ మటుకు దేవుడు చూసినాడు. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ మా ఇంటామె, పొద్దున పనికి వచ్చే అమ్మాయి, ఇద్దరూ కలిసి అమ్మకు నీళ్ళు పోసినారు. కట్టు విప్పినాక కూడా అదే నడిచింది. తలుపు తెరిచే ఉంటుంది, ఒకరు పట్టుకుంటారు, ఒకరు పోస్తారు.

అమ్మ తిండి తగ్గించింది. రోజు విడిచి రోజు "ఈ పొద్దు వద్దులే, ఒళ్ళు బాగాలేదు" అనడం మొదలుపెట్టింది. జ్వరమా అంటే కాదు. నొప్పా అంటే కాదు. ఒక సాయంత్రం నా పక్కన కూర్చొని, నా మొహం చూడకుండా అనింది: "అబ్బయ్యా, మీ నాయన ఉన్నప్పుడు గూడా నేను తలుపేసుకొనే పోసుకుంటిని. ఇప్పుడు ఇద్దరి ముందర కూర్చుంటా ఉండాను. నాకు ఆ తలుపు కావాల."

ఇంతే ఆమె అడిగింది. షవరు అడగలేదు, టైల్సు అడగలేదు.

మా ఇల్లు 1998లో కట్టింది. ఈరోడ్ రైల్వే కాలనీ వదిలి సొంతింటికి వచ్చినప్పుడు అందరికీ సంతోషమే. కట్టిన కాంట్రాక్టరు, పేరెందుకులే, ముందర వాకిలికి చూపిన శ్రద్ధ స్నానాల గదికి చూపలేదు. గది పొడుగు ఎనిమిది అడుగులు, వెడల్పు ఐదు. గుమ్మానికి నాలుగంగుళాల గడప. గడప దాటితే రెండంగుళాలు కిందికి దిగాల. నేల మీద వేసింది గోడకు వేసే తెల్లటి నున్నటి టైల్సు. అన్నిటికంటే పెద్ద సంగతి, నీళ్ళు పోయే జాలీ ఒక మూల ఉంటే నేల వాలింది తలుపు వైపుకు. స్నానం చేసిన నీళ్ళల్లో సగం గడప ముందర గుంటగా నిలిచేది. తలంటి రోజు ఆ గుంటలో ఏముంటుందో మీకు చెప్పాల్నా? నువ్వుల నూనె, శీకాయ పొడి, సబ్బు నురగ. గడప దాటాలంటే మనిషి ఒక కాలు ఎత్తాల. రెండో కాలు సరిగ్గా ఆ గుంటలో ఉంటుంది. అమ్మ పడింది అక్కడే.

నేను రైల్వేలో ఐ.ఓ.డబ్ల్యూ. ఆఫీసులో గుమాస్తాగా చాలా ఏళ్ళు ఉండినాను. ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్ అని అప్పటి పేరు, ఇప్పుడు సీనియర్ సెక్షన్ ఇంజనీర్ అంటారు. కోటర్సుల కప్పులు, గోడలు, గొట్టాలు, జాలీలు అన్నీ ఆ ఆఫీసు లెక్కలోకి వస్తాయి. నేను కరండి పట్టినవాణ్ణి కాను, పట్టినవాళ్ళ కొలతలు పుస్తకంలో ఎక్కించినవాణ్ణి. అక్కడ ఒక పాతకాలపు ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. పని ముగిసింది, కొలత రాయండి అని కాంట్రాక్టరు పిలిస్తే ఆయన టేపు తీయడు. ముందు ఒక మగ్గు నీళ్ళు అడుగుతాడు. తలుపు దగ్గర నిలబడి ఆ నీళ్ళు నేల మీద పోసి, చేతి గడియారం చూసుకుంటా నిలబడతాడు. నీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ సుద్దముక్కతో సున్న చుడతాడు. సున్న ఒక్కటి ఉన్నా ఆ పొద్దు కొలత లేదు, బిల్లు లేదు. నేను ఎన్నోసార్లు ఆయన వెనకాల పుస్తకం మూసుకొని తిరిగి వచ్చినాను. ఇంటి పని మొదలుపెట్టే ముందర నా తలలో ఉండింది ఆ మగ్గు నీళ్ళే.

ముగ్గురు మేస్త్రీలు వచ్చి చూసినారు. మొదటాయన ఉన్న టైల్సు మీదనే కొత్త టైల్సు అంటిస్తానన్నాడు, రెండు రోజుల పని. రెండో ఆయన నున్నటి టైల్సు మీద ఏదో మందు పూస్తే గరుకు తేలుతుందన్నాడు, అర పూట పని. ఇద్దరూ నేల ఎటు వాలిందో చూడలేదు. మూడో ఆయన గుమ్మం దగ్గర నిలబడి తమిళంలో అడిగిన మొదటి మాట, "ఇది ఎవరు పోసుకునేదానికి?" మా అమ్మకు అన్నాను. ఆమె నడిచేది ఒకసారి చూడొచ్చా అన్నాడు. అమ్మ మంచం దగ్గర నుంచి గోడ పట్టుకొని గుమ్మం దాకా వచ్చింది. ఆయన ఆమె మొహం చూడలేదు, పాదాలు చూసినాడు. చూసి, కూడా వచ్చిన పిల్లవాడితో మెల్లగా అన్నాడు: "కాలు ఎత్తదురా, ఈడుస్తాది. గడప ఉండకూడదు."

తెలుగు! నేను ఉలిక్కిపడినాను. అమ్మ మాత్రం మామూలుగా, "ఏ ఊరు నాయనా మీది?" అని అడిగేసింది.

వాళ్ళ తాతలు బావులు తవ్వి, రాళ్ళు కొట్టి బతికినవాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, అక్షరం తెలియదు. నాదీ ఒకప్పుడు అదే కథ. తమిళ బడిలో చదివి, తమిళంలో పరీక్షలు రాసి, రిటైరైన తర్వాత మన ఆదివారం తరగతిలో అ ఆలు దిద్దుకున్నవాణ్ణి. ఆయనకు మన సంఘం ఒకటి ఉందని కూడా తెలియదు. మన సభ్యుల పట్టికలో ఆఫీసర్లు ఉండారు, మిల్లు యజమానులు ఉండారు, నా మాదిరి పెన్షన్‌దారులు ఉండారు. మన ఇళ్ళు కట్టిన తెలుగువాళ్ళ పేర్లు అందులో ఎన్ని ఉన్నాయో కార్యదర్శి గారు ఒకసారి చూడాల. ఇది ఇక్కడ చెప్పే మాట కాదేమో, కానీ చెప్పేసినాను.

ఆ రోజు నుంచి ఆయన నన్ను సార్ అనడం మానేసి అన్నా అన్నాడు. పని మాటలు మాకిద్దరికీ కలిసిపోయినాయి. నీళ్ళ వాలుకు తమిళ మేస్త్రీలు అనేది వాటం, ఆయన ఇంట్లో అనేదీ వాటమే. మట్టం రెండు భాషల్లోనూ మట్టమే. తాపీ అనే మాట మాత్రం ఆయన వినలేదు, కరండే.

పగలగొట్టడానికి, తవ్వడానికి రెండు రోజులు పట్టింది. టైల్సు లేపితే కింద చూసిన సంగతి చెప్తాను. సగం టైల్సు కింద సిమెంటు నాలుగు మూలలకే ఉంది, నడిమధ్య బోలు. దాని కింద ఇసుక తడిసి, నల్లబడి, వాసన కొడుతోంది. ఇరవై ఏడేళ్ళు మేము పోసుకున్న నీళ్ళల్లో ఎంతో కొంత కిందికే పోతా ఉండింది. పక్క గదిలో గోడ అడుగున ఉప్పు పూసి, సున్నం రాలి, మూడు సార్లు పెయింటు కొట్టించిన కారణం ఇక్కడుంది. పెయింటు కంపెనీని తిట్టుకుంటా ఉంటిమి.

ఒక హెచ్చరిక. మా స్నానాల గది కింది అంతస్తులో, నేరుగా మట్టి మీద ఉంది. అందుకని ఆరంగుళాలు తవ్వి నేలను దించుకోగలిగినాము. మేడ మీద, అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు ఈ పని చేయకూడదు. స్లాబు కొట్టి దించడం అంటే ఇంటి ఎముక కొట్టడమే. కట్టేటప్పుడే అక్కడ స్లాబును పల్లంగా వేసి ఉంటే సరి, లేకుంటే గడప తీసేసి చిన్న వాలుతో గుమ్మం దగ్గర సర్దుకోవాల. ఇంజనీరును అడక్కుండా సుత్తి ఎత్తొద్దు.

నీళ్ళు పోయే దారి ఎక్కడ పెట్టాలి అని ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాము. మామూలుగా గది నడుమనో మూలనో చదరపు జాలీ పెట్టి, నాలుగు వైపుల నుంచి దానికి వాటం ఇస్తారు. మేస్త్రీకి అది నచ్చలేదు. "నాలుగు పక్కల వాటం అంటే నేల గిన్నె మాదిరి అవుతుందన్నా. ముసలి కాలు ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం తొక్కితే మడమ తిరుగుతాది. ఒకే పక్కకు వాటం ఇద్దాం" అన్నాడు. అంటే తలుపుకు ఎదురుగా ఉండే వెనక గోడ పొడవునా సన్నటి కాలువ. షాపులో అడిగితే లీనియర్ డ్రెయిన్ అని చూపించినారు. నాలుగడుగుల పొడవు స్టీలు చానలు, పైన చిల్లుల మూత, లోపల గొట్టానికి దారి. ఇంటికి తెచ్చి హాల్లో పెడితే అమ్మ చూసి, "ఇది జలదారే కదా, దీనికి ఇంత డబ్బా?" అనింది.

నిజమే. అమ్మ పుట్టింట్లో స్నానం చేసే చోటును జలదారి అనేవాళ్ళు. గోడ పక్కన కాలువ, కింద గరుకు బండలు. నీళ్ళు బండల మీద వాలి కాలువలో పడి, గోడకున్న కంత గుండా పెరట్లో అరటిచెట్ల పాదుల్లోకి పోయేది. జర్మనీవాళ్ళో ఎవరో కనిపెట్టినట్టు పెట్టెలో పెట్టి అమ్ముతున్న వస్తువు మా అవ్వ ఇంట్లో ఊరికే ఉండింది.

ఒకటే తేడా, ఇప్పటి కాలువ కింద ట్రాప్ ఉండాల. నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళు నిలిచి, మోరీ వాసనను, బొద్దింకలను పైకి రానీకుండా ఆపుతాయి. వాడకుండా వదిలేసిన స్నానాల గది కంపు కొట్టేది ఆ నీళ్ళు ఆవిరైపోయినందుకే. వారానికి ఒక మగ్గు పోస్తే చాలు.

గొట్టం, ట్రాప్ పెట్టినాక మట్టిని దిమ్మిసతో గట్టిపరిచి, దాని మీద కంకర కాంక్రీటు. ఒకటికి నాలుగు, ఎనిమిది పాళ్ళు. రెండు రోజులు తడిపి వదిలినాము. ఆ మీద అసలు పని, వాటం ఇచ్చే సిమెంటు గచ్చు.

లెక్క చెప్తాను, రాసుకోండి. నీళ్ళు పోసుకునే చోట అడుగుకు పావంగుళం వాటం. అంతకంటే తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే కాలికి తెలుస్తుంది. మా గదిలో వెనక సగం, అంటే నాలుగడుగులు, స్నానానికి. దానికి ఒక అంగుళం. ముందు సగంలో వెస్ట్రన్ కమ్మోడు, అక్కడ ఎక్కువ నీళ్ళు పడవు, నాలుగడుగులకూ కలిపి అరంగుళం చాలన్నాడు. తలుపు దగ్గర సున్న, నడిమికి అర, కాలువ దగ్గర ఒకటిన్నర. ఎనిమిది అడుగుల్లో ఒకటిన్నర అంగుళం. మనిషి కంటికి కనిపించదు. నీళ్ళకు కనిపిస్తుంది.

రసమట్టం పెట్టి, దారాలు కట్టి, దారం కింద చిన్న సిమెంటు బొట్లు పెట్టి, ఆ బొట్ల మధ్య మట్టపలకతో లాగినాడు. మా పక్కింటాయన వచ్చి చూసి, "దీని మీద టైల్సు రావాల కదా, దీనికెందుకింత చెక్కుడు, టైల్సు వేసేటప్పుడు వాటం సర్దుకోవచ్చులే" అన్నాడు. చాలామంది అట్లే చేస్తారు. టైల్సు కింద సిమెంటును ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పెట్టి వాటం తెస్తారు. అట్ల చేస్తే పై టైల్సుకు వాటం ఉంటుంది, కింద నీటిని ఆపే పూతకు వాటం ఉండదు. టైల్సు సందుల్లోంచి దిగే కొద్దిపాటి నీళ్ళు ఆ పూత మీద ఎటూ పోలేక నిలిచిపోతాయి. వాటం అడుగు నుంచే రావాల. గచ్చు అయిన మరుసటి రోజు నేను మగ్గు తీసుకొని తలుపు దగ్గర పోసినాను. మేస్త్రీ నవ్వినాడు కానీ ఆయనా నా పక్కనే నిలబడి చూసినాడు. నీళ్ళు తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా కాలువ దాకా పోయినాయి. సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది.

గచ్చుకు ఐదు రోజులు నీళ్ళు కట్టినాము. ఆ రోజుల్లో అమ్మకు స్నానం పెరట్లో, బట్టల రాయి పక్కన, రెండు పాత చీరలు అడ్డం కట్టి. తై నెల మంచు. నీళ్ళు ఎంత కాచినా సరే, మధ్యలోనే చల్లారిపోయేవి. "ఇంకెన్నాళ్ళు?" అని ఆమె అడగని రోజు లేదు.

తర్వాత నీటిని ఆపే పూత. పొడి ఒకటి, పాల మాదిరి ద్రవం ఒకటి, రెండూ కలిపి బ్రష్‌తో పూస్తారు. మొదటి పూత అడ్డంగా, అది ఆరినాక రెండోది నిలువుగా. నేలా గోడా కలిసే మూలలను ముందే సిమెంటుతో గుండ్రంగా తీర్చి, అక్కడ సన్నటి వల గుడ్డ పెట్టి దాని మీద పూస్తారు, మూల చీలకుండా. గోడ చుట్టూ ఒక అడుగు ఎత్తు, స్నానం చేసే పక్క ఆరడుగుల ఎత్తు.

ఇప్పుడు పరీక్ష. కాలువ నోరు మూసి, తలుపు దగ్గర రెండంగుళాల సిమెంటు కట్ట కట్టి, తలుపు దగ్గర అరంగుళం లోతు వచ్చేదాకా నీళ్ళు నింపినాము. కాలువ దగ్గర రెండంగుళాలు నిలిచింది. గోడ మీద పెన్సిలు గీత. మేస్త్రీ ఇంకో పని చేసినాడు, నాకు చాలా నచ్చింది. ఒక వెడల్పాటి స్టీలు తాంబాళంలో నీళ్ళు పోసి, దానికీ గీత పెట్టి, అదే గదిలో స్టూలు మీద పెట్టినాడు. ఎందుకయ్యా అంటే, "నీళ్ళు తగ్గితే ఎండకు పోయింది అంటారన్నా మావాళ్ళు. ఎండకు పోతే తాంబాళంలో గూడా పోవాల కదా."

ఇరవై నాలుగు గంటలు. మరుసటి పొద్దున తాంబాళంలో నీళ్ళు గీత మందం కూడా తగ్గలేదు. నేల మీద నీళ్ళు వేలెడు మందం దిగింది.

నీళ్ళన్నీ తోడేసి, ఫ్యాను పెట్టి ఆరబెట్టినాము. నేలంతా తెల్లబారినా, స్టీలు చానలు కుడి కొసన అరచెయ్యి వెడల్పు మాత్రం నల్లగానే ఉండింది. స్టీలు అంచూ సిమెంటూ కలిసే చోట వల గుడ్డ పెట్టలేదు, ఒట్టి పూతే పూసినాడు. స్టీలు వేరు, సిమెంటు వేరు, వేడికి రెండూ ఒకే మాదిరి సాగవు, ఆ సందు విడుతుంది. మేస్త్రీ దాపరికం లేకుండా, "ఇది నా పనే, కూలి వద్దు" అన్నాడు. అంచు గీకి, తుడిచి, చానలు చుట్టూ గుడ్డ వేసి రెండు పూతలు పూసినాడు. అది ఆరడానికి ఒక రోజు. మళ్ళీ నీళ్ళు నింపి ఇంకో రోజు.

అమ్మకు చెప్పాల్సింది నేను. ఇంకో మూడు రోజులు ఆలస్యం అవుతుందమ్మా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కానీలే. నేను పోసుకొనేటప్పుడు మళ్ళీ పగలగొట్టాల అని ఎవరూ రాకుంటే సరి" అనింది. రెండోసారి నింపిన నీళ్ళు గీత మీదనే నిలిచినాయి. తాంబాళమూ నేలా సమానం. ఈ పరీక్షకు మనకయ్యే ఖర్చు నాలుగు బకెట్ల నీళ్ళు, ఒక రోజు. టైల్సు వేసినాక ఇదే సంగతి బయటపడితే ఏమయ్యేదో లెక్క వేసుకోండి.

టైల్సు సంగతి మా ఇంట్లో పెద్ద పంచాయితీ. బెంగళూరు నుంచి మా అబ్బాయి ఫోనులో బొమ్మలు పంపినాడు, పాలరాయి మాదిరి రెండడుగుల టైల్సు, గాజు అడ్డుగోడ. చూడ్డానికి స్టార్ హోటలే. టైల్సు షాపులో ఇప్పుడు చాలావాటికి ఆర్ అని ఒక నంబరు ఉంటుంది. ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా, నంబరు పెద్దదైతే పట్టు ఎక్కువ. కానీ అది నూనె పోసిన పలకను వాలుస్తూ, బూట్లు వేసుకొని నడిచి చేసే పరీక్ష. ఒట్టి కాళ్ళకు వేరే పరీక్ష ఉంది, అందులో ఎ, బి, సి అని మూడు తరగతులు, సి అన్నిటికంటే గట్టిది. షాపువాళ్ళకు ఆ రెండోది తెలియదు. మేము ఆర్ 10, ఆర్ 11లో నాలుగు రకాలు ఒక్కొక్క టైలు కొనుక్కొని ఇంటికి తెచ్చినాము. వరండాలో పరిచి, మీద శీకాయ నీళ్ళు, నాలుగు చుక్కల నూనె పోసి, అమ్మను అటొకరు ఇటొకరం పట్టుకొని ఒక్కో దాని మీద నిలబెట్టినాము. ఆమె పాదం అటూ ఇటూ జరిపి చూసి మూడింటిని వద్దనింది. నాలుగోది ఆర్ 11, బూడిద రంగు, ఒక అడుగు చదరం. "ఇది మా అమ్మగారింటి బండ మాదిరి ఉంది" అనింది. పంచాయితీ ముగిసింది.

రంగు కూడా ఆలోచించాల. గోడా నేలా రెండూ తెల్లగా ఉంటే శుక్లాల ఆపరేషను అయిన కళ్ళకు నేల ఎక్కడ ముగిసిందో తెలియదు. నేల ముదురు, గోడ లేత, కూర్చొనే బండ ఇంకో రంగు.

మరీ గరుకు టైల్సు కూడా వద్దు. వాటి గుంటల్లో నూనె, శీకాయ మురికి చేరితే రుద్దేదానికి బ్రష్ సరిపోదు. మా బోరు ఉప్పు నీళ్ళు, తెల్లటి పొర కడుతుంది. ఆ పొరకు యాసిడ్ పోసేవాళ్ళు ఉన్నారు. సందుల్లో మామూలు సిమెంటు ఉంటే యాసిడ్ దాన్ని తినేస్తుంది. మేము సందులకు ఎపాక్సీ పెట్టించినాము. ఖరీదు ఎక్కువే, కానీ నూనె పీల్చదు.

వేసేటప్పుడు సిమెంటు పాలు కాదు, సంచుల్లో వచ్చే టైల్సు జిగురే వాడినాడు. పళ్ళ కరండితో నేల మీద గీతలు గీతలుగా లాగి, టైలు వెనక కూడా పలచగా పూసి అదిమినాడు. మరుసటి రోజు నేను ఒక రూపాయి బిళ్ళతో ప్రతి టైలు నడుమా మూలలా తట్టి చూసినాను. బోలు శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టు. ఒక్కటి పలికింది. అది తీసి మళ్ళీ వేసినాడు. నలభై టైల్సులో ఒకటి, పరవాలేదు.

కూర్చొనేదానికి కడప బండ. తమిళనాడులో ప్రతి వంటింట్లోనూ అలమరలకు వేసేది కడప్పా కల్లే. కడప ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా ఆ ఊరి పేరు పలకని రోజు ఉండదు. పాలిషు లేని సహజమైన గరుకు ముఖం పైకి పెట్టించినాము. ఎత్తు పదిహేడు అంగుళాలు, పుస్తకం చూసి కాదు, అమ్మ మోకాలు కొలిచి. దీని మీద కూడా యాసిడ్ పడకూడదు, అది సున్నపురాయి.

తక్కినవి త్వరగా చెప్తాను. బండ పక్కన ఒకటి, కమ్మోడు పక్కన ఒకటి స్టీలు కడ్డీలు, ఇటుక గోడలోకి లోతుగా బిగించినవి. తువాలు వేసుకునే కడ్డీని పట్టుకుంటే అది ఊడి చేతికొస్తుంది, ఆ పొరపాటు పడొద్దు. కొళాయి కూర్చున్న చోటుకు అందేట్టు. షవరు గొట్టం ఉంది, అమ్మ దాన్ని ముట్టుకోదు, బకెట్టూ మగ్గే. గాజు అడ్డుగోడ లేదు, తెర గుడ్డ. తలుపు మూడడుగుల వెడల్పు, బయటికి తెరుచుకునేది. లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి లోపల పడిపోయి తలుపుకు అడ్డంగా ఉంటే బయటివాళ్ళు ఏమీ చేయలేరు. గడియ కూడా బయటి నుంచి నాణెంతో తిప్పగలిగే రకం. అమ్మకు ఈ గడియ సంగతి చెప్పలేదు.

ఒక శుక్రవారం అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. మా ఇంటామె వంటింట్లో గ్యాసు ఆపేసి వచ్చింది. పని అమ్మాయి చీపురు పట్టుకొని నిలబడింది. నేను పేపరు తీసుకొని తలుపు బయట కుర్చీలో కూర్చున్నాను, ఏ పేజీ అని అడక్కండి. బకెట్టు కడ్డీ శబ్దం. మగ్గు ముంచిన శబ్దం. నీళ్ళు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మా ఇంటామె తలుపు మీద చెయ్యి వేయబోయింది, నేను వద్దని తల ఊపినాను. మళ్ళీ మగ్గు. మళ్ళీ నీళ్ళు. లోపల ఆమె ఏదో సన్నగా తనలో తాను మాట్లాడుకుంటోంది, ఏం మాటో వినపడలేదు.

పాతిక నిమిషాలు. తలుపు తెరుచుకొని, తలకు తువాలు చుట్టుకొని, గడప లేని గుమ్మంలో నుంచి కాళ్ళు ఈడుస్తూ వచ్చింది. మమ్మల్ని చూసి, "ఏం, అందరూ ఇక్కడే ఉండారు? ఈ పొద్దు వంట లేదా?" అనింది.

ఫిర్యాదులు లేకపోలేదు. నీళ్ళు మరీ వెంటనే పోతున్నాయంట, రవిక ఉతికేదానికి కాసిని నిలవడం లేదంట. చిన్న ప్లాస్టిక్ తొట్టి ఒకటి కొనిచ్చినాను.

మేస్త్రీ ఉగాది దాకా ఒక కల్యాణ మండపం పనిలో ఉంటాడు, ఆ తర్వాత కావలసినవాళ్ళకు వస్తాడు. నంబరు నా దగ్గర ఉంది. ఉగాది పండగ కూటానికి కుటుంబంతో రమ్మని కూడా పిలిచినాను, వస్తానన్నాడు. మా నేల చూడాలనుకున్నవాళ్ళు ఎప్పుడైనా రావొచ్చు, మిగిలిన టైల్సు కూడా చూపిస్తాను. ఫోన్ చేసేవాళ్ళు మాత్రం సాయంత్రం చేయండి. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా అమ్మ స్నానం. ఆ గంటసేపు నేను ఫోన్ ఎత్తను, చెవులు తలుపు దగ్గర ఉంటాయి.